గది బయటే ఆపిన కథ

2022 అక్టోబర్. ఉత్తర వర్జీనియాలోని ఒక పెద్ద ఆసుపత్రిలో నేను న్యూరో స్టెప్‌డౌన్ యూనిట్‌లో నర్సుగా పనిచేస్తున్నాను. ప్రాణాపాయం తప్పి ఐసీయూలోంచి బయటపడినా, మామూలు వార్డుకి పంపేంతగా కోలుకోని రోగుల్ని ఉంచే చోటుని స్టెప్‌డౌన్ అంటారు. మా యూనిట్‌కి వచ్చేవాళ్ళలో ఎక్కువమంది తలకి దెబ్బ తగిలినవాళ్ళు. అప్పటికి నా రిటైర్‌మెంట్ దగ్గర్లోనే ఉంది. షాంటిలీలో ఇల్లు, కారులో డ్యూటీకి వెళ్ళి రావడం, ఆదివారం తెలుగు చర్చి, రాత్రి పడుకోబోయే ముందు డైరీ. నా జీవితం అంతే.

డైరీ రాయడం గుంటూరు జిల్లాలో ఒక మిషన్ ఆసుపత్రిలో నర్సింగ్ నేర్చుకునే రోజుల్లో అలవాటైంది. కానీ రోగి పేరు ఏనాడూ అందులో రాయలేదు. ఆ రోజు వాతావరణం, చేసిన డ్యూటీ, మనసులో నిలిచిపోయిన ఒక మాట, అంతవరకే. అందుకని ఇది రాయబోయే ముందు, ఆ అక్టోబర్‌లో మా యూనిట్‌కి వచ్చిన అమ్మాయికే ఫోన్ చేసి అడిగాను. "రాయండి ఆంటీ. పేర్లు మార్చండి చాలు. నాకు మాత్రం కాస్త స్టైలుగా ఉండే పేరు పెట్టండి" అంది. నీహారిక అని పెట్టాను. ఈ కథలోని కుర్రాడికి చరణ్ అని పెడతానంటే, "వాడికి అంత మంచి పేరా!" అని నవ్వింది.

ఇద్దరూ రాజమండ్రి వైపువాళ్ళు. హెర్న్‌డన్‌లో ఒకే అపార్ట్‌మెంట్‌లో ఉంటూ ఉద్యోగాలు చేసుకుంటున్నారు. పెళ్ళి కాలేదు. కలిసి ఉంటున్న సంగతి ఇంట్లోవాళ్ళకి తెలియదు. ఆకులు రంగు మారే రోజులని, శని ఆదివారాలు గడపడానికి బ్లూరిడ్జ్ కొండల్లో ఒక కేబిన్ బుక్ చేసుకుని వెళ్ళారు. ఆదివారం సాయంత్రం చరణ్ ఒక్కడే తిరిగొచ్చాడు. సోమవారం మామూలుగా ఆఫీస్‌కి వెళ్ళాడు. మంగళవారం నీహారిక స్నేహితురాలు ఆమె ఫోన్ కలవడం లేదని కంగారుపడి పోలీసులకి చెప్పింది. చరణ్ ఎవరికీ ఏమీ చెప్పలేదు. లాయర్ మాట్లాడొద్దన్నాడట.

మాట్లాడనివాడి తరఫున మాట్లాడడానికి లోకం ఎప్పుడూ సిద్ధంగానే ఉంటుంది. ఒక తెలుగు యూట్యూబ్ చానల్ అతని చేతి మీద గీరుకుపోయిన గీత గురించే ఒక వీడియో మొత్తం చేసింది. ఇన్‌స్టాగ్రామ్‌లో ఫొటోలు ఎందుకు తీసేశాడని ఒకరు, పార్కింగ్‌లో నవ్వాడని ఒకరు. ఎడిసన్‌లో ఉండే మా చెల్లెలు ఫోన్ చేసి, "అక్కా, వాడి కళ్ళు చూశావా? హంతకుడి కళ్ళే" అంది. దానికి రేషన్ షాపువాడి కళ్ళు కూడా అలాగే కనిపించేవి చిన్నప్పుడు.

మా చర్చిలో ప్రార్థన మనవుల కోసం ఒక వాట్సాప్ గ్రూప్ ఉంది. జబ్బుపడ్డవాళ్ళ పేర్లు, వీసా ఇంటర్వ్యూలు, కాన్పులు, అన్నీ అందులో పెడతారు. మొదటి మెసేజ్, "తప్పిపోయిన నీహారిక క్షేమంగా దొరకాలని ప్రార్థించండి" అని వచ్చింది. మధ్యాహ్నానికి అది "ఆమెతో వెళ్ళినవాడి నోట నిజం రావాలని ప్రార్థించండి" అయింది. సాయంత్రానికల్లా "కఠిన హృదయుడైన ఆ యువకుడు తన పాపం ఒప్పుకునేలా ప్రార్థించండి" అని వచ్చింది. చాడీ అంటే ఎవరూ ఒప్పుకోరు. కింద చేతులు జోడించిన బొమ్మ ఉంది కదా.

బుధవారం, వెతకడానికి వెళ్ళిన వాలంటీర్ల కుక్కలు నీహారికని కనిపెట్టాయి. కాలిబాట కింద లోయలో, వాగు పక్కన పడి ఉంది. తలకి దెబ్బ, తొడ ఎముక విరిగింది, ఒళ్ళంతా చల్లబడిపోయింది. ప్రాణం ఉంది. హెలికాప్టర్‌లో తెచ్చారు. దొరికిందని అందరూ దేవునికి స్తోత్రం చెప్పుకున్నారు. ఆ మర్నాడే "తోసేశాడు" అన్న మాట మొదలైంది.

ఐసీయూలో కొన్నాళ్ళుండి మా యూనిట్‌కి వచ్చింది. ఆమెని చార్ట్‌లో కాన్ఫిడెన్షియల్ పేషెంట్‌గా పెట్టారు. అంటే ఆసుపత్రి జాబితాలో ఆమె పేరు కనపడదు. ఎవరు ఫోన్ చేసినా ఒక రహస్యపదం చెప్తే తప్ప, అలాంటి మనిషి ఇక్కడ ఉందని కూడా మేం చెప్పకూడదు. నీహారిక తల్లి వసంత గారు, కూతురి గ్రాడ్యుయేషన్‌కి వచ్చినప్పటి వీసా ఇంకా చెల్లుబాటులో ఉండబట్టి వెంటనే రాగలిగారు. తండ్రి వీసా లేక రాజమండ్రిలోనే ఉండిపోయారు. ఆయన ఫోన్ చేసి కూతురి సంగతి కనుక్కోవాలంటే ఒక పదం కావాలి, మీ ఇంట్లోవాళ్ళకే తెలిసింది చెప్పండి అన్నాను.

వసంత గారు కాసేపు ఆలోచించి, "కొబ్బరి లౌజు" అన్నారు. "చిన్నప్పుడు డబ్బాలోంచి దొంగిలించి తినేది. మూతి మీద కొబ్బరి పెట్టుకుని, నేను కాదు అనేది."

మా ఛార్జ్ నర్సు, అంటే ఆ షిఫ్ట్‌లో మా అందరి బాధ్యతా చూసే పెద్ద నర్సు, డెనీస్. ఆవిడ ఆ మాటని పలకడానికి ఇరవై సార్లు ప్రయత్నించి, చివరికి ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకుని డెస్క్ లోపలి వైపు అంటించింది.

నీహారిక కళ్ళు తెరుస్తోంది, మాట్లాడుతోంది. కానీ ఆ మాటలన్నీ నిజం కావు. తలకి గట్టి దెబ్బ తగిలినవాళ్ళలో కొన్నాళ్ళు కొత్త సంగతులు నిలవవు, పాతవి చెదిరిపోతాయి. దాన్ని పోస్ట్ ట్రామాటిక్ ఆమ్నీషియా అంటారు. ఆ ఖాళీల్ని మెదడు చేతికి దొరికిన దాంతో పూడ్చేస్తుంది. దాని పేరు కన్ఫాబ్యులేషన్. అబద్ధం కాదది. చెప్పేవాళ్ళకి నిజమనే అనిపిస్తుంది. గది తుడిచే మరియా ఒకరోజు తన కుక్కపిల్ల గురించి చెప్పింది. మర్నాడు నీహారిక, "ఆంటీ, మా కుక్కకి ఎవరైనా అన్నం పెట్టారా?" అని ఏడ్చింది. ఆమెకి కుక్క లేదు.

అప్పుడే నాకు అసలు ప్రమాదం అర్థమైంది. వారం తిరక్కుండా డిటెక్టివ్ వచ్చి ఆమె మాట రికార్డ్ చేస్తాడు. ఈ లోపల ఎవరైనా "అతనే తోశాడు కదమ్మా" అంటే చాలు, ఆమె అది తన కళ్ళతో చూసినట్టే చెప్తుంది. ఆ మాటతో అతన్ని జైల్లో పెడతారు. ఇంకో సంగతి కూడా ఉంది. అతను నిజంగానే తోసి ఉంటే, ఆమె నోట ఆ మాట రాకముందే మనం నోట్లో పెడితే, కోర్టులో దానికి విలువుండదు. అతను తోశాడో లేదో నాకు తెలియదు. తెలుసుకోవడం నా పని కాదు కూడా. ఆ గదిలోకి బయటి కథ రాకుండా చూడడం నా పని. ఇన్‌ఫెక్షన్ ఉన్న గది బయట గౌను, గ్లోవ్స్ పెట్టినట్టే, డెనీస్ ఆ తలుపుకి ఒక కాగితం అంటించింది: ఈ గదిలో ప్రమాదం గురించి మాట్లాడరాదు.

వసంత గారిని ఒప్పించడం కష్టమైంది. ఆవిడ మంచం పక్కనే కూర్చుని ఫోన్‌లో ఆ వీడియోలన్నీ చూస్తుండేవారు.

"వసంత గారూ, సౌండ్ తగ్గించండి."

"అది నిద్రపోతోంది కదండీ."

"కళ్ళు మూసుకుంది. చెవులు మూసుకోలేదు."

"దానికి తెలియొద్దా మరి, వాడెలాంటివాడో?"

"తెలిసిందేదో తనే చెప్పనివ్వండి. మీరు చెప్తే అది మీ మాట అవుతుంది. మీ అమ్మాయి మాట కాదు."

ఆవిడ నన్ను పైనుంచి కిందిదాకా చూశారు. "మీరు వాడి వైపా, సిస్టరు గారూ?"

"మీ అమ్మాయి తల వైపు" అన్నాను. కుక్కపిల్ల సంగతి చెప్పాను. ఆవిడ వీడియో ఆపేశారు. ఫోన్ బ్యాగ్‌లో పడేసి, కూతురి జడ విప్పి మళ్ళీ అల్లడం మొదలుపెట్టారు. ఆ తర్వాత నాకు తెలిసి ఆ గదిలో ఆ ఫోన్ మోగలేదు. తల్లిగా అది చిన్న పని కాదు. ఇప్పటికీ ఆవిడకి నమస్కారం పెట్టాలనిపిస్తుంది.

కింద లాబీలో చరణ్ ఉండేవాడు. పోలీసులు అతన్ని పైకి రానివ్వొద్దన్నారు. ఏ చట్టం ప్రకారమూ అతను ఆమెకి ఏమీ కాడు. అయినా కాఫీ కౌంటర్ పక్క కుర్చీలో లాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని కూర్చునేవాడు. ఒకరోజు డ్యూటీ దిగి వెళ్తుంటే లేచి నిలబడ్డాడు.

"ఆంటీ, మీరు తెలుగువాళ్ళేనా?"

"అవును బాబూ."

"నీహారిక ఎలా ఉంది?"

"ఆ పేరుతో ఇక్కడ ఎవరైనా ఉన్నారో లేదో చెప్పే అధికారం నాకు లేదు."

"చెప్పొద్దులెండి. మీ మొహం చూస్తే తెలుస్తుందేమో అని."

"నా మొహానికీ అధికారం లేదు" అన్నాను. నవ్వు రాని నవ్వొకటి నవ్వి కూర్చున్నాడు. చేతి మీద ఆ గీత కనిపించింది. నేను దాన్ని చూడడం అతను చూశాడు. "పిల్లి గీరింది ఆంటీ. అపార్ట్‌మెంట్‌లో ఉంది, కావాలంటే చూపిస్తాను" అన్నాడు. అదే మాట లోలోపలే చెప్పుకుని చెప్పుకుని అలిసిపోయిన గొంతు.

శనివారం మా పాస్టరమ్మగారు వచ్చారు. చాలా మంచి మనిషి. పరాయిదేశంలో ఒంటరిగా ఉన్న తల్లి అని వసంత గారికి తెలిసినవాళ్ళ ద్వారా విని పెరుగన్నం, గోంగూర పచ్చడి కట్టుకుని, చర్చిలోని ఇద్దరు సిస్టర్లని వెంటపెట్టుకుని వచ్చారు. వసంత గారు దేవీ భక్తురాలు. కానీ, "ఏ దేవుడైనా సరే, మా అమ్మాయిని చూస్తే చాలు" అని తనే లోపలికి పిలిచారు. నేను పక్క గదిలో సెలైన్ మార్చి వచ్చేసరికి పాస్టరమ్మగారు నీహారిక తల మీద చెయ్యి పెట్టి కళ్ళు మూసుకున్నారు.

మా ప్రార్థనల తీరు తెలియనివాళ్ళకి ఒక మాట చెప్పాలి. మావాళ్ళు దేవుడికి మనవి ఒక్కటే చెప్పి ఊరుకోరు. ఏం జరిగిందో మొదటినుంచీ వివరంగా చెప్తారు, ఆయనకి కబురు అందలేదన్నట్టు. అదీ గట్టిగా.

"ప్రేమగల తండ్రీ, నీ బిడ్డ నీహారికని నీ సన్నిధికి తెచ్చుచున్నాము. ప్రభువా, ఈ అమాయకురాలిని నమ్మించి కొండ మీదికి తీసుకుపోయి..."

నీహారిక కళ్ళు తెరిచి వింటోంది. పాస్టరమ్మగారి మోచేయి ముట్టుకున్నాను. ఆవిడ ఆత్మలో, అంటే ప్రార్థనలో పూర్తిగా లీనమై ఉన్నారు, నన్ను పట్టించుకోలేదు.

"... ఆ దుష్టుడు తన చేతులతో ఈ బిడ్డని..."

ప్రార్థన మధ్యలో ఆపమనడం మాలో ఎవరూ చెయ్యరు. నాకు తట్టిన దారి ఒక్కటే.

"ఆమెన్!" అన్నాను, చర్చి వెనక బెంచీకి వినపడేంత గట్టిగా.

సిస్టర్లిద్దరూ అలవాటు కొద్దీ "ఆమెన్" అన్నారు. పాస్టరమ్మగారి నోటివెంట కూడా "ఆమెన్" వచ్చేసింది. వచ్చాక కళ్ళు తెరిచి, వాక్యం పూర్తి కాలేదే అని నా వైపు చూశారు. నేను చెయ్యి పట్టుకుని వరండాలోకి తీసుకొచ్చాను.

"ఏంటి ఎస్తేరమ్మా ఇది? ప్రార్థనకి అడ్డం పడతావా?"

"క్షమించండి అమ్మగారూ. ఆ అమ్మాయి తల ఇప్పుడు తడి సిమెంటు. మీరు ఏ అడుగు వేస్తే ఆ అడుగే నిలిచిపోతుంది."

"నేను దేవుడితో మాట్లాడుతున్నాను. ఆ అమ్మాయితో కాదు."

"మీరు దేవుడితోనే మాట్లాడుతున్నారు. వింటోంది ఆ అమ్మాయి."

పాస్టరమ్మగారు తలుపు వైపు తిరిగారు. కోపం వచ్చిందనే అనుకున్నాను. తలుపు మీది కాగితం ఒకటికి రెండుసార్లు చదివారు. తర్వాత, "మరి నేను ఎలా ప్రార్థించాలి?" అని చిన్నపిల్లలా అడిగారు.

"అందరికీ కంఠతా వచ్చిన ప్రార్థన చెయ్యండి. సొంత మాటలు ఒక్కటి కలపకుండా."

లోపలికి వెళ్ళి, నీహారిక చెయ్యి పట్టుకుని, ప్రభువు నేర్పిన ప్రార్థన మెల్లగా చెప్పి వచ్చేశారు. వెళ్తూ వెళ్తూ, "ఇంత చిన్న ప్రార్థన చేసి ఎన్నాళ్ళయిందో" అన్నారు.

ఆ సాయంత్రమే నీహారిక అడిగింది. "ఆంటీ, నన్ను ఎవరు కొండ మీదికి తీసుకుపోయారు?"

అరవాక్యం వినిపించిన ఫలితం అది. "నీకు గుర్తొచ్చినప్పుడు చెబుదువుగాని. తొందరేం లేదు" అన్నాను. వసంత గారు పెదవి కొరుక్కుని కిటికీ వైపు తిరిగారు. జరిగింది చార్ట్‌లో రాశాను, డాక్టర్‌కి చెప్పాను. ఆయన డిటెక్టివ్‌తో మాట్లాడి ఇంకొన్ని రోజులు ఆగమన్నారు. ఆ రాత్రి డైరీలో నాకు వచ్చిన వాక్యం ఇది: "మంచివాళ్ళ నోరు కట్టడమే కష్టం."

తర్వాతి వారంలో ఒక ఉదయం. రోజూ అడిగే ప్రశ్నలే అడుగుతున్నాను. నీ పేరు, ఇది ఏ చోటు, ఏ నెల? రోగికి ఎంత స్పృహ ఉందో తెలియడానికి ఈ ప్రశ్నలు. అన్నిటికీ సరిగ్గా చెప్పింది, వరసగా మూడో రోజు. వసంత గారు తల దువ్వుతున్నారు.

"అమ్మా, వాడి అలక తీరిందా?" అంది నీహారిక.

దువ్వెన ఆగింది. "ఎవడి అలక?"

"చరణ్‌గాడిది. ఇంకో రోజు ఉందామంటే వాడికి సోమవారం మీటింగంట. ఎప్పుడూ ఆ మీటింగే. పో, నేను బస్‌లో వస్తానన్నా. అలిగి నిజంగానే పోయాడు." తలెత్తి తల్లి మొహం చూసింది. "నీకు వాడి గురించి చెప్పలేదు కదూ? తిట్టు, తర్వాత."

వసంత గారు, "పోయాక? పోయాక ఏమైందే?" అని వంగారు. నేను చెయ్యి ఎత్తి వద్దన్నాను.

"పోయాక..." నీహారిక కళ్ళు చిట్లించింది. "పొద్దున్నే కొట్లో టీ తాగా. అస్సలు బాలేదు. అంతే. ఇంకేం లేదమ్మా."

అంతకుమించి ఆమెకి ఇప్పటికీ గుర్తు రాలేదు. రాదు కూడా. ఆ రోజే డాక్టర్ కబురుచేస్తే డిటెక్టివ్ వచ్చాడు. "మీకు గుర్తున్నది చెప్పండి" అన్న ఒక్క ప్రశ్న వేసి నోరు మూసుకుని విన్నాడు. నర్సుగా నాకు అతని మీద గౌరవం కలిగింది. విన్నాక, ఆ కొండ దారిలో కొట్టు కెమెరాలో సోమవారం ఉదయం నీహారిక ఒక్కతే టీ కొనడం ఉందని వసంత గారికి చెప్పాడు. ఆ సమయానికి చరణ్ హెర్న్‌డన్‌లో ఆఫీస్‌లో ఉన్నాడు. అది వాళ్ళకి ముందే తెలుసు. ఆమె మాట కోసమే ఆగారు. ఆ టీ తాగి, తడి ఆకుల మీద కాలు జారి పడి ఉంటుందని వాళ్ళ అంచనా.

వసంత గారు లేచి చీర సర్దుకున్నారు. "లిఫ్టు ఎటండీ?" అన్నారు. నేనూ వెంట వెళ్ళాను.

లాబీలో చరణ్ ఆవిడని చూసి లేచి, లాప్‌టాప్ కింద పడేశాడు. ఇద్దరూ ఎదురుపడడం అదే మొదటిసారి.

"ఆడపిల్లని కొండల్లో ఒక్కదాన్ని వదిలేసి వస్తావా? నీకు బుద్ధుందా?"

"లేదండీ" అన్నాడు చరణ్.

"రెండు రోజులు ఫోన్ చెయ్యకుండా ఉంటావా?"

"అలిగిందనుకున్నానండీ. నేనూ అలిగాను."

"అలగడానికి మొహం ఒకటి! ఏమిటీ అవతారం? అన్నం తిని ఎన్నాళ్ళయింది?"

అతను అక్కడే నిలబడి ఏడ్చాడు. ఆవిడ ఊరడించలేదు. పక్కన నిలబడి, ఏడవనిచ్చారు. తర్వాత కొంగుతో తన కళ్ళు తుడుచుకుని, "కొబ్బరి లౌజు" అన్నారు.

"అండీ?"

"ఫోన్ చేస్తే అది చెప్పాలి. చెప్తే దాని సంగతి చెప్తారు. మా ఆయనకీ నాకూ తప్ప ఎవరికీ తెలియదు. గుర్తుపెట్టుకో."

ఆ సాయంత్రం డెనీస్ ఫోన్ మీద చెయ్యి అడ్డం పెట్టి నన్ను పిలిచింది. "ఎస్తేర్, ఎవరో కుర్రాడు. రహస్యపదం చెప్తున్నాడు. నాకంటే ఎంతో బాగా పలుకుతున్నాడు. మాట్లాడొచ్చా?"

"మాట్లాడొచ్చు" అన్నాను. ఇన్నేళ్ళ ఉద్యోగంలో అంత సంతోషంగా చెప్పిన మాట ఇంకొకటి లేదు.

ఆదివారం మా చర్చిలో పాస్టరమ్మగారు మైక్ ముందుకి వచ్చి, ఇకమీదట ప్రార్థన మనవుల్లో పేరు, అవసరం, ఆ రెండే రాయమన్నారు. "మిగతా సంగతులు ప్రభువుకి మనకంటే ముందే తెలుసు. ఆయనకి వార్తలు చదవక్కర్లేదు" అన్నారు. తప్పు తనదేనని కూడా అన్నారు. అందరి ముందూ. అంతకంటే పెద్ద ప్రసంగం నేను ఆ చర్చిలో వినలేదు. ఆ నియమం ఇప్పటికీ నడుస్తోంది. మందు ఇవ్వడం, కట్టు కట్టడం, వీటితోపాటు రోగి చుట్టూ ఉన్న మాటల్ని కూడా శుభ్రంగా ఉంచాలని నేను పుస్తకాల్లో చదువుకోలేదు. నీహారిక గదిలో నేర్చుకున్నాను. అందుకు నోరు కట్టుకున్న ఒక తల్లికీ, ఆమెన్ తర్వాత కోపం మింగిన ఒక పాస్టరమ్మకీ, పలకడం రాని మాటని కాపలా కాసిన డెనీస్‌కీ నేను రుణపడి ఉన్నాను.

నీహారిక ఇప్పుడు కొంచెం కుంటుతుంది, బాగానే నడుస్తుంది. కిందటి థాంక్స్‌గివింగ్‌కి ఒక డబ్బా పంపింది. లోపల కొబ్బరి లౌజు, కాస్త మాడింది.

ఈ సంగతి ఎవరికి చెప్పినా చివర్లో ఒకటే అడుగుతారు: వాళ్ళిద్దరూ పెళ్ళి చేసుకున్నారా? నాకు తెలుసు. కానీ అది వాళ్ళు చెప్పాల్సిన సంగతి.